బూట్లు విప్పని కమిటీ

గోడ తడిసిందంటే కారణాలు మూడు. నీళ్ళు కారి ఉండాలి, లేదా ఊరి ఉండాలి, లేదా గోడే చెమర్చి ఉండాలి. పైపు పగిలితే కారుతుంది. పునాదిలోంచో, నెర్రె విచ్చిన ప్లాస్టరులోంచో మెల్లగా పాకితే ఊరుతుంది. ఈ రెండింట్లోనూ నీళ్ళు ఎక్కడి నుంచో గోడలోకి వస్తాయి. మూడోది అలా కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బల్ల మీద పెట్టగానే తడుస్తుంది. ఆ తడి సీసా లోపలి నుంచి రాలేదు. గదిలో గాలిలో ఉన్న తేమ చల్లటి గాజుకు తగిలి నీరైంది. ఇల్లు కూడా అలాగే చెమరుస్తుంది.

ఇంత చిన్న సంగతి చెప్పడానికి నా ఉద్యోగంలో చివరి కొన్నేళ్ళు ఖర్చయిపోయాయి. వినాల్సినవాళ్ళు వినలేదు. వినకపోగా నాకు ‘గాలి ఇంజినీరు’ అని పేరు పెట్టారు. ఆ మాట మొదట ఎవరన్నారో, ఏ గదిలో అన్నారో, ఎవరెవరు నవ్వారో, ఎవరు నవ్వు రాకపోయినా నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. పేర్లు రాయను. రాస్తే వాళ్ళకు లేని గొప్పతనం అంటగట్టినట్టవుతుంది.

కొత్తగా సివిల్ మెయింటెనెన్స్‌లో చేరే పిల్లలు ఈ మధ్య నా దగ్గరికి వస్తున్నారు. తేమ కొలిచే చిన్న యంత్రం చేత్తో పట్టుకుని వస్తారు. గోడకు ఆనించి అంకె చూస్తారు. చూసి, మా కాలంలో రాసిన మాటే రాస్తారు, లీకేజీ అని. అందుకే ఇది రాస్తున్నాను. యంత్రం బాగానే ఉంది. పట్టుకున్నవాళ్ళు ఇంకా చెప్పులతోనే ఇళ్ళలోకి వెళ్తున్నారు. చెప్పుల సంగతి ఎందుకొచ్చిందో చివరికి తెలుస్తుంది.

మా సంస్థ క్వార్టర్లు విశాఖలో మల్కాపురం వైపు ఉండేవి. రెండంతస్తుల పాత బ్లాకులు. మా కాలనీవాళ్ళకు శత్రువు ఒక్కటే, నల్లపొడి. ఓడల నుంచి బొగ్గు దించే రోజుల్లో గాలి ఇటు తిరిగిందంటే, పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద మధ్యాహ్నానికి వేలితో ముగ్గు వెయ్యొచ్చు. తెల్ల చొక్కా తీగ మీద ఆరేస్తే బూడిదరంగు చొక్కా చేతికొస్తుంది. అందుకని మా కాలనీలో ఎవరూ బట్టలు బయట ఆరెయ్యరు. వంటింట్లో ఒక తాడు, హాల్లో ఒక తాడు. కిటికీలపైన ఏటవాలు సిమెంటు పలకలతో వెంటిలేటర్లుండేవి. వాటికి ఆడవాళ్ళు పాత చీరలు, పేపర్లు కుక్కేవారు. వాళ్ళను నేనేమీ అనను. రోజూ మసి తుడిచేది వాళ్ళు, నేను కాదు. పైగా అప్పుడప్పుడూ ఆ చీరలు పీకేసి గాలి పోనిచ్చేవారు కూడా.

అలాంటి చోటుకు హైదరాబాదు నుంచి కొత్త పెద్దాయన వచ్చాడు. మా విభాగానికంతటికీ అధికారి. వచ్చిన కొత్తలో కారు దిగి, బానెట్ మీద పొడి చూసి, చేతిరుమాలు తీసి తుడుచుకున్నాడు. ‘ధూళి రహిత కాలనీ’ పథకం ఆ చేతిరుమాల్లోంచే పుట్టింది. వెంటిలేటర్లన్నీ ఇటుక పెట్టి మూసెయ్యాలి. వంటింట్లో పొగ పోయే కన్నం కూడా మూసెయ్యాలి. చెక్క కిటికీలు తీసేసి అల్యూమినియం జారుడు కిటికీలు బిగించాలి. మీటింగ్‌లో నేను లేచి అడిగాను.

“సార్, అన్నీ మూసేస్తే వంట ఆవిరి ఎటు పోతుంది? స్నానాల ఆవిరి, లోపల ఆరేసిన బట్టల తడి ఎటు పోతాయి? వెంటిలేటరుకు సన్నటి జాలీ బిగించి నెలకోసారి కడిగితే సరిపోతుంది. వంటింటికి ఒక ఎగ్జాస్టు ఫ్యాను పెడితే ఇంకా మంచిది.”

“జాలీ ఎవరు కడుగుతారు, మీరా?” అన్నాడు పెద్దాయన. “ఇల్లన్నాక మూసి ఉంటేనే సుఖం. మీకంత గాలి కావాలంటే సాయంత్రం బీచ్‌కెళ్ళి కూర్చోండి.”

పక్కనున్న కంట్రాక్టరు అందుకున్నాడు. “గాలి ఇంజినీరు గారు సార్!”

గది గదంతా నవ్వింది. అదే నేను చెప్పిన గది.

పథకం పూర్తయ్యాక ప్రారంభోత్సవం పెట్టారు. ముందు వరసలో నాకు కేటాయించిన కుర్చీ మీద శాలువాల సంచి పెట్టారు. సంచి తియ్యమని అడిగితే, “శాలువాలు నేల మీద పెట్టలేం కదండీ” అన్నాడు ఏర్పాట్లు చూసేవాడు. శాలువాలు కూర్చున్నాయి, నేను నించున్నాను. ఆ పథకానికి ఏదో బహుమతి కూడా వచ్చింది. ఆఫీసు గోడకు తగిలించిన ఆ సభ ఫొటోలో కుడివైపు చివర మోచెయ్యి ఒకటి కనిపిస్తుంది. అది నాదే.

తరవాతి వానాకాలానికే గోడలు నల్లబడ్డాయి. బొగ్గుపొడి కాదు, బూజు. బీరువాల వెనక, మంచాల తలాపిన, కప్పు మూలల్లో. బట్టలు నెమ్ము వాసన. ఇళ్ళలో పొడి తగ్గింది, నిజమే. ఆ పొడిని ఆపిన గోడలే లోపలి తడిని కూడా ఆపేశాయి. కాలనీ నిండా ఫిర్యాదులు. మా ఆఫీసుకు తెలిసిన జబ్బులు రెండే, లీకేజీ అంటే కారడం, సీపేజీ అంటే ఊరడం. కాబట్టి వైద్యం కూడా ఒకటే, నీళ్ళు దిగకుండా పూసే కంట్రాక్టరు గారి కెమికలు. డాబాల మీద పూశారు, బాత్రూముల్లో పూశారు, ఎండిన గోడల మీద కూడా పూశారు. ఇళ్ళు తడుస్తూనే ఉన్నాయి.

ఇక అసలు కథ. ఒక బ్లాకులో కింది ఇంట్లో మా అకౌంట్స్ గుమాస్తా ఉండేవాడు. గోదావరి జిల్లా మనిషి. ‘అండి’ లేకుండా వాక్యం ముగించడు, కోపంలో కూడా. అతని తల్లికి ఆయాసం. గాలిలో పొడి ఉండకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి పడగ్గది తలుపులు బిగించి, ఏసీ పెట్టించి, ఆవిడను అందులో పడుకోబెట్టాడు. సరిగ్గా ఆ గదిపైన క్రేన్ ఆపరేటరు ఇల్లు. అతను, భార్య శ్రీకాకుళం వైపు పల్లెటూరి నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళింట్లో ఏసీ లేదు. కిటికీలు తెరుచుకుని ఫ్యాను కింద బతికేవారు.

గుమాస్తా పడగ్గది కప్పు తడవడం మొదలైంది. పొద్దున్నే బొట్లు బొట్లుగా నీళ్ళు. తరవాత నల్లటి మచ్చలు. అదే సమయంలో పైఇంటి పడగ్గది నేల కూడా తడి. కప్పుకు ఒకవైపు తడి, రెండోవైపూ తడి. ఇంక సాక్ష్యం ఏం కావాలి? పైవాళ్ళు నీళ్ళు పారబోస్తున్నారు, కిందికి కారుతున్నాయి అని ఆఫీసు తేల్చేసింది.

ముందు పైఇంటి బాత్రూము గచ్చు పగలగొట్టారు. నేను నా వెంట తిరిగే తాపీ మేస్త్రితో వెళ్ళాను. అతను నాకు ఎన్నేళ్ళుగానో తెలిసినవాడు, నాలాగే ఉత్తరాంధ్ర మనిషి; చనువుకొద్దీ ‘బావా’ అనుకుంటాం. సుత్తి పక్కన పెట్టి, గచ్చు కింద మట్టి పిడికిట్లోకి తీసి వేళ్ళ మధ్య రాల్చాడు.

“ఏటి బావా ఇది? పేలపిండిలాగున్నాది. లీకెక్కడ?”

“నన్నడుగుతావేటి బావా? లీకుందన్నోడిని అడుగు.”

“ఆడు మట్టి ముట్టుకోడు కదేటి,” అన్నాడు మేస్త్రి.

లీకు దొరకలేదు కాబట్టి కెమికలు పూసి గచ్చు చేశారు. మళ్ళీ తడి. మళ్ళీ పగలగొట్టారు, మళ్ళీ పూశారు. ఆ తరవాత పైఇంటికి నీళ్ళ కొళాయి కట్టేశారు. ఆపరేటరు భార్య మెట్ల కింద కొళాయి నుంచి బిందెలతో మోసుకునేది. అయినా కప్పు తడి ఆగలేదు. బిందెల్లో తెచ్చి మరీ పారబోస్తోంది, కావాలని చేస్తోంది అన్నారు. మనిషి మీద అనుమానం పెట్టుకుంటే అదెంత దూరమైనా మోసుకెళ్తుంది, బిందెతో సహా.

ఆవిడ ఒక రోజు మా ఆఫీసుకే వచ్చింది. పెద్దాయన, కంట్రాక్టరు, నేను, ఇంకొందరు గుమాస్తాలు ఉన్నాం.

“బాబూ, మా ఇంటి కాడినుంచి నీల్లు కిందకెల్లట్లేదు. కిందనుంచే మా ఇంట్లోకొత్తన్నాయి. తుడిసిన సేతి మీద మల్లీ తడొత్తన్నాది. ఆలింటి కాడినుంచే వత్తన్నాది, సూసుకోండి.”

తరవాత నవ్వులు.

“నీళ్ళు కింది నుంచి పైకి కారుతున్నాయా అమ్మా?” అన్నాడు పెద్దాయన.

“మోటారు పెట్టారేమో సార్,” అన్నాడు కంట్రాక్టరు.

ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు. “నవ్వుకోండి బాబూ. పురిటికి నా పిల్లొత్తాది పై నెలలో. ఆ తడి నేల మీద బాలింతను ఎలగ పడుకోబెట్టేది? అదైనా సెప్పండి,” అని వెళ్ళిపోయింది.

చెప్పే సమాధానం ఆఫీసు దగ్గర ఉంది. వారం తిరక్కుండా నోటీసు వెళ్ళింది. క్వార్టరును దుర్వినియోగం చేస్తున్నారు, కింది ఇంటికి నష్టం కలిగిస్తున్నారు, కమిటీ చూసి నిర్ధారిస్తే ఇల్లు ఖాళీ చెయ్యాలి అని. ఆపరేటరు నా దగ్గరికి వచ్చాడు. పెద్ద క్రేన్లు నడిపే మనిషి, నా ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

“సార్, ఊర్లో ఇల్లు లేదు. సిటీలో ఇప్పుడు ఇల్లు సూడాలంటే పురుడు దాటాకే. పిల్లని అత్తారింటి కాడే ఉంచేయమంటే, మొదటి పురుడు సార్, మా ఆడది ఊరుకోదు. మీరు ఒక్కసారి వచ్చి సూడండి.”

“నేను చూసి చెబితే వింటారనుకున్నావేటి?”

“ఇనరు సార్. అయినా రండి.”

ఆ మాటకు వెళ్ళాను. సెలవు రోజు, ఆఫీసు పని కాదు, కాబట్టి మామూలు మనిషిలాగా వెళ్ళాను. మామూలు మనిషి ఇంకొకరింటికి వెళ్తే ఏం చేస్తాడు? గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతాడు. నేనూ విప్పాను. అంతకుముందు ఎన్నోసార్లు వచ్చాం ఆ ఇంటికి. పగిలిన గచ్చు గుచ్చుకుంటుందని అప్పుడు బూట్లతోనే తిరిగేవాళ్ళం.

హాల్లో నేల వెచ్చగా ఉంది. పడగ్గది గడప దాటి ఒక అడుగు వేశానో లేదో, అరికాలు జివ్వుమంది. చన్నీళ్ళ తొట్టిలో కాలు పెట్టినట్టు. తడి వల్ల చల్లగా ఉందేమోనని పొడిగా ఉన్న మూల చూసి అక్కడా పెట్టాను. అక్కడా అంతే. వెనక్కి హాల్లోకి వచ్చాను, వెచ్చన. లోపలికి వెళ్ళాను, చల్లన. ఆ చల్లదనం సరిగ్గా కింది ఇంటి పడగ్గది గోడల హద్దు దగ్గర మొదలై, ఆ హద్దు దగ్గరే ఆగిపోయింది.

“ఏటి బాబూ, అలా దాగుడుమూతలాడినట్టు తిరుగుతున్నారు?” అంది ఆవిడ.

“అమ్మా, నువ్వు చెప్పింది సగం నిజం. కిందినుంచే వస్తోంది. వచ్చేది నీళ్ళు కాదు, చలి.”

కిందికి వెళ్ళాను. పడగ్గదిలో ఏసీ పద్దెనిమిది మీద నడుస్తోంది. ఆయాసం తల్లి రెండు రగ్గుల కింద ముడుచుకుని ఉంది. “వీడు నన్ను ఐసుపెట్టెలో పెట్టాడు నాయనా,” అంది నన్ను చూడగానే. ఆ చలికి కప్పు శ్లాబు మొత్తం చల్లబడుతుంది. పైన తెరిచిన కిటికీలోంచి వచ్చే విశాఖ గాలి సంగతి చెప్పాలా, పిండితే నీళ్ళు కారే గాలి. ఆ గాలి చల్లటి గచ్చును తాకి చెమరుస్తుంది. పొద్దున్నే కింద కాసేపు ఏసీ కట్టేసి తలుపు తీస్తారు. వంటింట్లో ఇడ్లీ కుక్కరు, పప్పు కుక్కరు, తాడు మీద తడి బట్టలు. ఆవిరి పోయే దారి పెద్దాయన ఇటుక పెట్టి మూశాడు కదా, అది నేరుగా పడగ్గదిలోకి వెళ్ళి ఇంకా చల్లగా ఉన్న కప్పుకు పట్టుకుంటుంది. ఒకే శ్లాబు పైనా కిందా చెమటలు కక్కుతోంది. మధ్యలోంచి ఒక్క బొట్టూ అటూ ఇటూ పోవడం లేదు.

రుజువు కోసం కప్పు తడిసేచోట ఒక ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగంచులా టేపు వేసి అతికించాను. నీళ్ళు పైనుంచి ఊరుతుంటే కవరు వెనక, అంటే కప్పు వైపు తడవాలి. గాలిలోంచి వస్తుంటే గది వైపు తడవాలి. మర్నాడు పొద్దున చూద్దామని గుమాస్తాకు చెప్పి వచ్చాను. మర్నాడు వెళ్ళేసరికి కవరు చెత్తబుట్టలో ఉంది.

“ఇల్లు అసలే అసహ్యంగా ఉందండి, దానిమీద మీరు కవర్లంటిస్తే ఎలాగండి?” అన్నాడు.

“పీకేముందు ఏ వైపు తడిగా ఉందో చూశారా?”

“ఎవరు చూస్తారండి? పైవాళ్ళను పంపించమంటే మీరొచ్చి నా ఏసీని తిడతారేంటండి? చల్లగాలికి నీళ్ళు కారతాయా అండి?”

పెద్దాయన దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పాను. కుర్చీ చూపించలేదు. నిలబడే చెప్పాను. అంతా విని ఒక్క ప్రశ్న అడిగాడు.

“అంటే, నా పథకం వల్ల ఇళ్ళు తడుస్తున్నాయంటారా?”

“ఏసీ ఇరవయ్యారుకు పెంచి, వంటింటి కన్నం తెరిస్తే ఆగిపోతుంది సార్. రెండు రోజులు చూద్దాం.”

“కన్నం తెరవడమంటే పథకం తప్పని ఒప్పుకోవడం. ‘ఏటి ఏటి’ అనుకుంటూ పెరిగినవాళ్ళకు పరిపాలన ఏం తెలుస్తుంది లెండి. కమిటీ ఎల్లుండి వస్తుంది. మీరూ రండి, కాయితాలు పట్టుకోవడానికి.”

ఆ ‘ఏటి’ని నేను ఈనాటికీ మర్చిపోలేదు. నేను ఆయన ముందు ఎప్పుడూ పుస్తకాల భాషే మాట్లాడాను. ఏదో ఒక రోజు గోడవతల నుంచి విని ఉంటాడు.

కమిటీ వచ్చింది. పెద్దాయన, ఎస్టేటు విభాగం అధికారి, ‘సాంకేతిక సలహాదారు’ హోదాలో కంట్రాక్టరు. కెమికలు అమ్మేవాడే జబ్బు నిర్ధారించే డాక్టరు. ఫిర్యాదుదారుగా గుమాస్తా వచ్చాడు. కాయితాలు పట్టుకోవడానికి నేను. ఖాళీ చెయ్యమనే ఉత్తర్వు ముందే టైపు చేసి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. అది పెద్దాయన జేబులో మడిచి ఉంది. ముందు కింది ఇంట్లో తడిసిన కప్పు చూశారు. అందరూ తల పైకెత్తి, అందరూ తల ఊపారు. తరవాత పైకి వెళ్ళారు.

ఆపరేటరు భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. గుమ్మం ముందు కొత్త ముగ్గు.

“బాబులూ, బూట్లు ఇప్పి రండి.”

“ఇన్‌స్పెక్షన్ అమ్మా ఇది, పేరంటం కాదు,” అన్నాడు కంట్రాక్టరు.

“ఏదైనా అవ్వనీండి. దేవుడి పటం ఆ గదిలోనే ఉన్నాది. ఇన్నాల్లూ బూట్లేసుకుని తొక్కినారు, పగలగొట్టినారు, నానేటన్లేదు. ఇయ్యాల పిల్ల పురిటికొత్తాదని కడిగి ముగ్గెట్టుకున్నాను. ఇప్పితే రండి, లేపోతే ఈ గుమ్మం కాడినుంచే సూసుకోండి.”

పెద్దాయన నావైపు చూశాడు, నేనేదో నేర్పించానన్నట్టు. నేను నేర్పించలేదు. నేర్పించాలన్న ఆలోచన నాకు రాలేదు కూడా. ఆయన బూట్లు నున్నగా మెరుస్తున్నాయి, లేసులు బిగించి ఉన్నాయి. వాటిని విప్పాలంటే మెట్ల మీద కూర్చోవాలి, మా అందరి ముందూ వంగాలి. ఆయన వంగలేదు. ఆయన విప్పలేదు కాబట్టి ఎస్టేటు అధికారి విప్పలేదు. ఆయన విప్పలేదు కాబట్టి కంట్రాక్టరు విప్పలేదు. కమిటీ మొత్తం వరండాలో నిలబడిపోయింది.

విప్పింది గుమాస్తా. ఎంత కోపమున్నా ఇంట్లో దేవుడి పటం ఉందంటే చెప్పులతో వెళ్ళే రకం కాదు అతను. “నేను చూసొస్తానుండండి,” అని చెప్పులు పక్కన పెట్టి, తిన్నగా పడగ్గదిలోకి నడిచాడు. వెనకే నేను. రెండడుగులు వేసి ఆగిపోయాడు. పాదం ఎత్తి చూసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు.

“ఇదేంటండీ బాబూ! మంచు గడ్డ మీద కాలేసినట్టుందండి.”

“హాల్లోకి రండి,” అన్నాను.

వచ్చాడు. నిలబడ్డాడు. మళ్ళీ లోపలికి వెళ్ళాడు. గోడ వెంబడి చిన్నపిల్లాడిలా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచి, గది మధ్యకు వచ్చి, కింద ఏముందో లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

“సరిగ్గా దీని కిందే కదండీ మా అమ్మ మంచం?”

“అవును.”

“పొద్దున్నే అడిగిందండి. ఈ చలేంట్రా, నన్ను బతికుండగానే గడ్డకట్టిస్తావా అని. నేను విసుక్కున్నానండి.” నేలను అరికాలితో మళ్ళీ తడిమాడు. “ఇది నా ఏసీయా అండీ?”

“మీ ఏసీ, మన విశాఖ గాలి. పైన కారలేదు, ఊరలేదు. చెమర్చింది.”

ఆపరేటరు భార్య తలుపు దగ్గరే ఉంది. “నాను సెప్పినానా లేదా? కిందనుంచే పైకొత్తన్నాదని. నవ్వినారు కదేటి!” అంది.

గుమాస్తా ఆవిడ వైపు చూడలేకపోయాడు. “అమ్మా, నీ చేత నీళ్ళు మోయించానమ్మా,” అన్నాడు.

“మోసినాను. ఇకమీదట మీరు మొయ్యండి,” అంది ఆవిడ. అందులో నవ్వు లేదు, కోపం కూడా పెద్దగా లేదు.

వరండాలోంచి పెద్దాయన, “ఏమిటి, లీకేజీ కనబడిందా?” అని కేకేశాడు.

గుమాస్తా బయటికి వచ్చి చెప్పులు వేసుకోకుండానే నిలబడ్డాడు. “లేదండి. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానండి. తప్పు నా గదిలోదేనండి.”

“అదెలా? తడి ఉంది కదా!”

“ఉందండి. మీరు కూడా లోపలికొచ్చి కాలు పెట్టి చూడండి, తెలుస్తుందండి.”

పెద్దాయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. అప్పుడూ విప్పలేదు. విప్పలేదు కాబట్టి లోపలికి వెళ్ళలేడు. వెళ్ళలేదు కాబట్టి లీకు ఉందని రాయలేడు. ఫిర్యాదు చేసినవాడే లేదంటున్నాడు. ఉత్తర్వు మీద చేసే సంతకం కోసం తెచ్చిన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

ఆ తరవాత ఏం జరిగిందో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మీరు కూడా అలాంటి ఆఫీసుల్లోనే పనిచెయ్యబోతున్నారు. నివేదికలో ‘ఆధునిక కెమికలు పూత వల్ల సమస్య పూర్తిగా పరిష్కారమైంది’ అని రాశారు. రాసింది సాంకేతిక సలహాదారే. కొళాయి మళ్ళీ ఇచ్చారు. నాకు మెమో వచ్చింది, సంస్థ ఆస్తికి జరిగిన నష్టాన్ని ఆపలేదని. ఆ నష్టమేమిటో ఇప్పుడే చెబుతాను. రిటైరయిన రోజు సభలో నా గురించి మాట్లాడినాయన, “వీరిది ప్రత్యేకమైన గాలి,” అన్నాడు, జనం మళ్ళీ నవ్వారు. శాలువా కప్పారు. ఆ పాత సంచిలోదే, నెమ్ము వాసన వేసింది. పురుడు ఆ పైఇంట్లోనే జరిగింది. కింది ఏసీ ఇరవయ్యారుకు పెరిగింది కాబట్టి, తడి లేని నేల మీద. ఇవన్నీ చిన్న సంగతులు.

దాచుకున్నది ఒకటుంది. ఆ రోజు కమిటీ మెట్లు దిగుతోంది. నేను కాయితాలు పట్టుకుని వెనకాల. గుమాస్తా మా కంటే ముందే, చెప్పులు పైనే వదిలేసి, కిందికి పరిగెత్తాడు. మేం సగం మెట్లు దిగేసరికి కింది ఇంటి వంటింట్లోంచి ధడేల్, ధడేల్ మని చప్పుడు. బహుమతి వచ్చిన ఇటుకలు ఒక్కొక్కటే పెరట్లోకి ఊడిపడుతున్నాయి. లోపలి నుంచి ఆయాసం తల్లి, “కొట్టు, ఇంకొకటి కొట్టరా!” అంటోంది.

పెద్దాయన ఆగి, వెనక్కి తిరిగాడు. “ఏమిటా చప్పుడు?”

నా ఉద్యోగం మొత్తంలో ఆయనకు నేను నా భాషలో చెప్పిన మాట అదొక్కటే.

“గాలి సార్. వత్తన్నాది.”